టీవీలో నేను కనిపించిన రోజు

ఆ రోజు మైకు పాడవలేదు. ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. మా కోఆర్డినేటర్ సారు మైకు పాడైందనే నమ్మి, పైవాళ్లకు రాసి, కొత్తది తెప్పించారు. హైదరాబాదులో కూర్చుని పాఠం చెప్పిన మేడమ్ కూడా అదే అనుకున్నారు. రాష్ట్రంలో ఏయే ఊళ్లలో ఎంతమంది ఆ క్లాసు చూస్తున్నారో నాకు తెలియదు గానీ, వాళ్లందరూ వైజాగ్ సెంటర్లో మైకు పోయిందనే అనుకుని ఉంటారు. మైకు బాగానే ఉంది. నా గొంతే రాలేదు.

నేను దూరవిద్యలో ఎం.ఏ. చరిత్ర మొదటి సంవత్సరం చదువుతున్న రోజులవి. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది. పుస్తకాలు పోస్టులో వచ్చేవి. ఆదివారాలు ఊళ్లో ఒక కాలేజీలో గది తీసి మాకు క్లాసులు పెట్టేవారు. వాటిలో కొన్ని టీవీ క్లాసులు. కాలేజీ డాబా మీద గొడుగు లాంటి పెద్ద డిష్ ఒకటి ఆకాశం వైపు తిరిగి ఉండేది. గదిలో టీవీ, దానికి తగిలించిన కంప్యూటరు, ఆ కంప్యూటరు నెత్తిన చిన్న కెమెరా, పొడుగాటి వైరున్న మైకు. మేడమ్ హైదరాబాదులో స్టూడియోలో పాఠం చెబితే అది ఉపగ్రహం మీదుగా మా గదిలోకి వచ్చేది. పాఠం అయ్యాక ఒక్కో సెంటర్నీ పేరు పెట్టి పిలిచేవారు. పిలిచిన సెంటరు బొమ్మ టీవీలో ఓ మూల చిన్న చదరంలో కనిపించేది. అప్పుడు మైకు బటన్ నొక్కి ప్రశ్న అడగాలి.

ఆ గదిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఎవరూ ఎవరితోనూ మాట్లాడనక్కర లేకపోవడం. స్టీల్‌ప్లాంటులో రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చినవాళ్లు వెనక బల్లల మీద కునుకు తీసేవారు. ఒక నర్సు పాఠం జరుగుతున్నంతసేపూ స్వెట్టరు అల్లుకునేది. నేను కిటికీ పక్కన చివరి కుర్చీలో కూర్చునేదాన్ని. హాజరు పిలిస్తే చెయ్యి ఎత్తేదాన్ని. పాఠం చెప్పే మనిషి తెర అవతల ఎక్కడో ఉంది, నన్ను చూడదు, నా వైపు నడిచి రాదు. డిగ్రీలో లెక్చరర్లు లేపి నిలబెడితే చెమటలు పట్టి చున్నీ తడిసిపోయే నాకు ఇంతకన్నా మంచి చదువు ఉండదనిపించేది. ఇంటికి వచ్చాక ఆ రోజు మేడమ్ చెప్పిన సంగతుల్లో నాకు నచ్చినవి డైరీలో నా మాటల్లో రాసుకునేదాన్ని. మేడమ్‌కు నేనున్నట్టే తెలియదు. అదే బాగుండేది.

కోఆర్డినేటర్ సారు గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. ఎవరినైనా "అండీ" అనే పిలిచేవారు. ఆయనకు ఒక భయం ఉండేది. పిలిచినప్పుడు ఏ సెంటరైనా నోరు విప్పకపోతే ఆ సెంటరు దండగ అని పైవాళ్లు అనుకుంటారని, ఎత్తేస్తారని. అందుకని టీవీ క్లాసుకు వారం ముందే ఆయనే ప్రశ్నలు చీటీల మీద రాసి, ఎవరు ఏది అడగాలో పంచేసేవారు. అన్ని సెంటర్లలోనూ ఇదే పద్ధతని తరవాత తెలిసింది. తెర మీద ఊరూరి నుంచీ విద్యార్థులు ఉత్సాహంగా అడిగే ప్రశ్నలన్నీ వాళ్ల సార్లు రాసిచ్చినవే.

ఒక ఆదివారం ఆయన చీటీ పట్టుకుని నా కుర్చీ దగ్గరికి వచ్చారు.

"మీరు రాసి పంపిన సమాధానాలు చదివానండీ. చాలా బాగా రాశారు. ఇంత రాసే అమ్మాయి నోట్లోంచి ఒక్క ముక్క ఊడిపడదేంటండీ? ఈసారి ప్రశ్న మీదే."

తల అడ్డంగా ఊపాను.

"అలాక్కాదండీ. మీరు అడక్కపోతే మన సెంటర్లో మనుషులు లేరనుకుంటారు. బల్లలూ కుర్చీలూ ఎం.ఏ. చదువుతున్నాయనుకుంటారు. చూసి చదవడమే కదండీ."

చీటీ తీసుకున్నాను. 'తీరాంధ్రలో సముద్ర వర్తకం తగ్గిపోవడానికి కారణాలేమిటి?' అని ఉంది. ఒకే ఒక్క వాక్యం.

మాది జాలరిపేట. నాన్న పడవ మీద వేటకు వెళ్తాడు. అమ్మ తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌కు పోయి, వేలంలో చేపలు పాడుకుని, తట్ట నెత్తిన పెట్టుకుని కాలనీల్లో అమ్మి వస్తుంది. మా సందులో నా ఈడు ఆడపిల్లలకు అప్పటికే ఇద్దరేసి పిల్లలు. నేను మాత్రం గోడ వైపు తిరిగి పుస్తకం చదువుకుంటూ ఉండేదాన్ని. నన్ను చదివించాలన్న పట్టుదల అమ్మది. దానికోసం ఆమె నాన్నతో, తన తోడబుట్టినవాళ్లతో, సందులో వాళ్లతో వేర్వేరుగా దెబ్బలాడింది. ఎదురింటి పిన్ని తీరిక దొరికినప్పుడల్లా అమ్మను అక్క వరసతో పిలిచి అడిగేది.

"అప్పా, మీ గుంట సదివి సదివి ఏటవుతాదే?"

"ఏటో ఒకటవుతాది. నీకేటి?"

"నాకేటి లేదు. గోడకే నోరుంటే అదే బీఏ పాసైపోను."

నాన్న నెమ్మదస్తుడు. కానీ ఆ ఎండాకాలంలో ఆయన కూడా ఒక మాట అనేశాడు. మొదటి ఏడు పరీక్షలయ్యాక ఆపేద్దామని, పుస్తకాలు ఎక్కడికీ పోవు, ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చని. అమ్మ ఆ రోజు అన్నం తినలేదు. నేను తిన్నాను. నా తరఫున నేను ఒక్క మాట అయినా అనాల్సింది. ఆపొద్దు నాన్నా, నాకు రెండో ఏడు కూడా చదవాలని ఉంది అని. ఆ వాక్యం డైరీలో రాసుకుని పడుకున్నాను.

చీటీ తెచ్చుకున్న సాయంత్రం గోడ వైపు తిరిగి ప్రశ్న చదువుకుంటుంటే అమ్మ వింది.

"ఏటే ఆ గొణుగుడు?"

"టీవీ క్లాసులో ప్రెశ్న అడగాలమ్మా."

"టీవీలోనా? నువ్వా?"

"ఊఁ."

"అగుపడతావా?"

"ఊఁ."

ఆ రెండు ఊఁలే జరిగినదానికంతటికీ మూలం. అది కాలేజీలో టీవీ అనీ, మన కేబులులో రాదనీ చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. చెప్పబోయి తలెత్తేసరికి అమ్మ అక్కడ లేదు. కుళాయి దగ్గర ఆమె గొంతు వినబడుతోంది. "మా గుంట టీవీలో వత్తాది. ఐదరాబాదోళ్లు ప్రెశ్న అడగమన్నారట." మర్నాడు హార్బర్‌లో చెప్పింది. ఆ మర్నాడు కాలనీల్లో ఎండుచేపలు అమ్ముతూ ఇంటింటా చెప్పింది. నాన్న వల చిరుగులు బాగుచేసుకుంటూ తన బావమరిదితో, "టీవీదాకా ఎల్లిందంటే మరి సూడాల బావా," అనడం నా చెవిన పడింది. ఆ మాట వెనక నా రెండో ఏడు ఉందని నాకు తెలుసు. రోజురోజుకీ అసలు సంగతి చెప్పడం కష్టమైపోయింది.

అప్పుడు వేట నిషేధం రోజులు. ఎండాకాలంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఇంజను పడవలన్నీ ఒడ్డుకు లాగేస్తారు. మగవాళ్లందరూ ఇంటిపట్టునే ఉంటారు. లేకపోతే ఆదివారం పొద్దున్న పేటలో మగమనిషి కనబడడు. ఇంకో నెల ఆగి ఉంటే ఆ రోజు నన్ను చూడటానికి ఎవరూ ఉండేవారు కాదు.

ఆ ఆదివారం అమ్మ కనకాంబరాలు కొని తెచ్చింది. తన పెళ్లికి పెట్టిన నీలం చీర నాకు కట్టింది. ఎదురింటి పిన్ని వాళ్లది పెద్ద కలర్ టీవీ. దాన్ని గుమ్మం వైపు తిప్పి సందులోంచి అందరికీ కనబడేలా పెట్టించింది అమ్మ. ముందు వరసలో మామ్మ కూర్చుంది. నాన్నను కన్న తల్లి. ఆమె రెండు కళ్లకూ పొర కమ్మింది. ఆపరేషన్ అంటే ఒప్పుకోదు. మనుషుల్ని నడకను బట్టి, గొంతును బట్టి పోల్చుకునేది. నేను గుమ్మం దాటుతుంటే నా చీర కుచ్చెళ్లు పట్టుకుని చూసి, "మీ అమ్మ పెళ్లి సీర," అంది. అంతే.

సెంటర్లో ఆ రోజు పాఠం ఏమి విన్నానో గుర్తు లేదు. చీటీ చేతిలో తడిసి మెత్తబడింది. చివరికి మేడమ్, "విశాఖపట్నం సెంటర్, అడగండి," అన్నారు. సారు మైకు తెచ్చి నా చేతిలో పెట్టి బటన్ చూపించారు. లేచాను.

టీవీ మూలనున్న చదరంలో ఒక అమ్మాయి కూర్చుని ఉంది. నేను లేచిన కాసేపటికి ఆమె లేచింది. నేను మైకు నోటి దగ్గర పెట్టుకున్నాక ఆమె పెట్టుకుంది. నేను చేసినదల్లా ఆమె కాస్త ఆలస్యంగా చేస్తోంది. ఉపగ్రహం దాకా పోయి రావాలి కనుక అలా ఆలస్యమవుతుందని సారు అంతకుముందే చెప్పారు. విన్నాను గానీ అది నాకే జరుగుతుందని అనుకోలేదు.

"నమస్కారం మేడమ్. తీరాంధ్రలో..." అన్నాను.

అప్పుడు టీవీలోంచి ఇంకో ఆడమనిషి గొంతు మొదలైంది. సన్నగా, వణుకుతూ, "నమస్కారం మేడమ్" అంటోంది. వేరే సెంటరు వాళ్లు కలిశారేమో అనుకున్నాను. ఎవరైనా మాట్లాడుతుంటే నేను ఆగిపోతాను. చిన్నప్పటి నుంచీ అంతే. ఇంట్లో, బడిలో, ఎక్కడైనా ఇద్దరం ఒకేసారి మొదలుపెడితే ఆగేది నేనే. ఆవిడ ముగించాక మాట్లాడదామని ఆగాను. ఆవిడ, "తీరాంధ్రలో..." అని ఆగిపోయింది.

ఆమె పూర్తి చేస్తుందని ఎదురు చూశాను.

ఆ గొంతు నాదని తెలియడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. నా గొంతు బయట నుంచి వినడం అదే మొదటిసారి. తెలిశాక ఇక నోరు తెరవలేకపోయాను. తెరిస్తే ఆవిడ మళ్లీ మాట్లాడుతుంది. ఆ చదరంలో నీలం చీర కట్టుకున్న పిల్ల తల దించుకుని మైకు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె తల ఎత్తితే బాగుండునని నాకే అనిపించింది.

"వైజాగ్, వినిపించడం లేదమ్మా. మైకు ఆన్‌లో ఉందా?"

"మాట్లాడండమ్మా," అన్నారు సారు, కెమెరాకు కనబడకుండా వంగి. నర్సు అల్లిక ఆపి చూస్తోంది. వెనక బల్లల మీద నిద్రపోతున్నవాళ్లు కూడా లేచారు.

"వైజాగ్‌లో ఏదో టెక్నికల్ ప్రాబ్లమ్ ఉన్నట్టుంది. తరవాతి సెంటర్‌కు వెళ్దాం," అన్నారు మేడమ్. చదరంలో నేను పోయి ఇంకెవరో వచ్చారు. సారు నా చేతిలో మైకు తీసుకుని అరచేత్తో కొట్టి, ఊది, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. ఆ కొట్టడంలో బటన్ ఆగిపోయిందేమో, చప్పుడు రాలేదు. "పాతదైపోయిందండీ ఇది. మీరేం బాధపడకండి. ఎంత బాగా మొదలుపెట్టారు, దరిద్రపు మైకు," అన్నారు. నేను తల ఊపాను.

బస్సులో కూర్చున్నంతసేపూ ఒకటే ఆలోచన. పేటలో ఎవరూ చూడలేదు. చూసే వీలు లేదు. ఆ ధైర్యంతోనే ఇంటిదాకా వచ్చాను. సందు మొదట్లోకి వచ్చేసరికి ఎదురింటి గుమ్మం ముందు ఇంకా జనం ఉన్నారు. అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఆమె ముఖం చూడగానే నాకు సంగతి అర్థమైంది.

"వచ్చీసావా," అంది ఎదురింటి పిన్ని. "ఏ ఛానెల్లో వచ్చావే? పొద్దున్నించీ అన్నీ తిప్పీసాం. ఆకరికి పొలాలోళ్ల పోగ్రాం దగ్గర ఆగిపోనాం, సదువులాగ అగుపడిందని. కొబ్బరి సెట్టుకి తెగులొత్తే ఏటి సెయ్యాలో ఇప్పుడు పేటంతటికీ తెలుసు."

"వరికి పురుగుమందు కూడాను," అన్నాడు ఎవరో.

"రేపట్నించి వలొగ్గీసి నాగలట్టుకుందాం బావా," అన్నాడు ఇంకొకడు నాన్నతో. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వబోయి అమ్మను చూసి మానేశాడు.

"కేబులోడు మజ్జిలో ఆపీసాడు," అంది అమ్మ. ఆమె గొంతు ఎప్పటిలా లేదు. "కరెంటు పోయొచ్చింది కదా, అప్పుడే అయ్యుంటాది. కాదేటే?" అని నావైపు చూసింది.

అందరూ నావైపు తిరిగారు. అప్పుడైనా చెప్పాల్సింది. ఆ టీవీ వేరు, ఈ టీవీ వేరు అని. చెబితే వారం రోజులుగా అమ్మ ఊరంతా తిరిగి చెప్పిందంతా ఉత్తదైపోతుంది. చెప్పకపోయినా అంతే. ఎదురింటి పిన్ని నోట్లో వచ్చే మాట నాకు ముందే వినబడుతోంది. నాన్న వల మీద వేళ్లు ఆపి నావైపే చూస్తున్నాడు.

"నాను సూసాను," అంది మామ్మ.

టీవీ ముందు నుంచి ఆమె ఇంకా లేవలేదు. గొంతుక్కూర్చుని, మోకాళ్ల మీద చేతులు వేసుకుని ఉంది.

"ఏటి సూసావత్తా?" అంది పిన్ని.

"దీన్నే. కరెంటు ఒచ్చినాక మీరందరూ టీకి లేసెల్లారు. అప్పుడొచ్చింది."

"ఏటి మాటాడింది?"

"ఏటీ మాటాడనేదు. నీలం సీరతో నిల్సుంది. సేతిలో ఏదో అట్టుకుంది. తలొంచుకుని అలాగే నిల్సుంది. నోరిప్పనేదు. అవతలోళ్లు అడగతన్నారు, మాటాడు మాటాడని. ఇది నిల్సుంది. ఇంటికాడెలాగుంటాదో అక్కడా అలాగే ఉంది."

ఎదురింటి పిన్ని పకపకా నవ్వింది.

"నోరిప్పనేదంటే మీ గుంటేనే అప్పా. ఇంకెవులూ అవరు."

మళ్లీ నవ్వులు. ఈసారి అమ్మ కూడా నవ్వింది. నవ్వుతూ లేచి, "సెప్పాను కదే, వత్తాదని," అంటూ కొంగు దులుపుకుంది. "మా అమ్మ సూసిందంటే సూసినట్టే," అన్నాడు నాన్న. ఆ మాట అక్కడితో ముగిసింది. కళ్లకు పొర కమ్మిన మనిషి ఏమి చూసిందని ఎవరూ అడగలేదు. పేటలో పెద్దమనిషి మాట కాదనడం లేదు. పరీక్షలయ్యాక నాన్న నన్ను చదువు మానమనలేదు. తన తల్లి టీవీలో మనవరాలిని చూసిందని హార్బర్‌లో ఆయనే చెప్పుకున్నాడట.

నేను మాత్రం ఆ రోజు పెరట్లో నీళ్ల గాబు దగ్గర కూర్చుని కదల్లేకపోయాను. ఎవరూ చూడలేదనుకున్నది మామ్మ సరిగ్గా ఉన్నదున్నట్టు చెప్పింది. అమ్మ పరువు నిలబడింది, నా చదువు నిలబడింది, దేని మీద నిలబడ్డాయో నాకు తెలుసు. నేను నోరు విప్పకపోవడం మీద. అదే నేనని గుర్తు పట్టడానికి ఆనవాలు. ముఖం కాదు, పేరు కాదు.

రెండు మూడు రోజులాగి, ఎండుచేపలు తిరగేస్తున్న మామ్మ పక్కన కూర్చుని అడిగాను.

"మామ్మా, ఆ టీవీ మనింటికి రాదు. అది కాలేజీలోది."

"ఏ టీవీ అయితేనేటి?"

"నిజంగా సూసావా?"

"సూడకపోతే ఎలా సెప్తాను? ఆ కాకిని తోలు."

కాకిని తోలాను. ఆమె నన్ను కాపాడటానికి అన్నదో, కొబ్బరితోటలో నిలబడిన ఏ అమ్మాయిని చూసి నేననుకుందో, లేక నన్ను పుట్టినప్పటి నుంచీ చూస్తున్న మనిషి కనుక నేను ఎక్కడికి పోయినా ఏమి చేస్తానో ఊహించి చెప్పిందో, ఈ రోజుకీ నాకు తేలలేదు. మూడోదే అయితే నాకు ఇంకా సిగ్గుగా ఉంటుంది.

నిషేధం ఎత్తేశారు. పడవలు నీళ్లలో పడ్డాయి. రెండో ఏడు క్లాసులు మొదలయ్యాక సారు నా దగ్గరికి సంబరంగా వచ్చారు. "కొత్త మైకు వచ్చిందండీ. మీ పుణ్యమే. వచ్చే టీవీ క్లాసులో మొదటి ప్రశ్న మీదే." మైకు నల్లగా మెరుస్తోంది. దాని మీద ప్లాస్టిక్ కాగితం కూడా తియ్యలేదు. ఈసారి మైకు మీద నెట్టడానికి లేదు.

నాకు మాట్లాడటం రాక కాదు ఆగిపోయింది. ఇంకొకరు మాట్లాడుతుంటే మాట్లాడటం రాక. అది ఎక్కడ నేర్చుకోవాలి? ఒకరోజు తెల్లారగట్ట అమ్మతో పాటు తట్ట మోస్తానని హార్బర్‌కు వెళ్లాను. చిన్నప్పుడు వెళ్లడమే, వాసనా అరుపులూ పడక మానేశాను. వేలం మొదలైంది. పాటగాడు ధర అరుస్తున్నాడు. కొనేవాళ్లందరూ ఒకేసారి అరుస్తున్నారు. అమ్మ కూడా. ఎవరూ ఎవరి కోసమూ ఆగరు. ఒకరి మాట మీద ఇంకొకరి మాట, దాని మీద ఇంకొకటి. ఆగినవాళ్లకు చేపలు రావు. అమ్మ ఏమీ వినకుండా, తన మాటే తను అరుచుకుంటూ, ఒక కుప్ప పాడేసింది.

నేను తట్ట పట్టుకుని ఆమె వెనక నిలబడి, సారు ఈసారి రాసిచ్చిన ప్రశ్న చదవడం మొదలుపెట్టాను.

"ఏటి గొణుగుతన్నావ్?"

"ప్రెశ్న."

"గట్టిగా అను. ఇక్కడ ఎవులికినబడతాది?"

గట్టిగా అన్నాను. 'పూర్వం రేవు పట్టణాల్లో వర్తక సంఘాల పాత్ర ఏమిటి?' ఎవరూ తల తిప్పలేదు. పక్కన ఒకామె రొయ్యల కోసం తిట్లు తిడుతోంది. ఆమె మీద నా వర్తక సంఘాలు పడ్డాయి, నా మీద ఆమె తిట్లు పడ్డాయి. మళ్లీ అన్నాను. ఆ తరవాత చాలా రోజులు వెళ్లాను. నాకు చేపల మీద బుద్ధి పుట్టిందని అమ్మ భయపడింది.

టీవీ క్లాసు నాడు వాన. పేటలో మగవాళ్లంతా సముద్రం మీద ఉన్నారు. ఆడవాళ్లు చేపలమ్మడానికి పోయారు. అమ్మ వెళ్తూ వెళ్తూ, "ఈయేల కూడా వత్తావా?" అంది. "ఊఁ" అన్నాను. ఈసారి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పినా ఉండేవారెవరు? మామ్మ మాత్రం ఎదురింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది.

మేడమ్ పిలిచారు. లేచాను. బటన్ నొక్కాను. "నమస్కారం మేడమ్" అన్నాను. ఆ రెండో ఆమె మొదలుపెట్టింది. నేను ఆగలేదు. ఆమె గొంతు నా గొంతు మీద పడుతోంది, నేను ఇంకాస్త గట్టిగా అన్నాను. మధ్యలో 'వర్తక' అనడంలో తడబడ్డాను. మొత్తం అడిగేశాను. నేను అయిపోయి కూర్చున్నాక కూడా ఆమె టీవీలో ఇంకా అడుగుతూనే ఉంది. తల ఎత్తే ఉంది.

మేడమ్ కళ్లజోడు సర్దుకుని, "ఇది మీ పుస్తకంలో ఉందమ్మా. మొదటి పాఠంలోనే. ఒకసారి చదువుకుని రండి. తరవాతి సెంటర్," అన్నారు.

సారు ముఖం చిన్నబోయింది. ఆ పాఠం నాకు కంఠతా వచ్చని ఆమెకు చెప్పడానికి లేదు. ప్రశ్న నాది కాదని చెప్పడానికీ లేదు. చదవకుండా వచ్చిన పిల్లగా రాష్ట్రమంతా కనిపించాను. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అయినా ఆ సిగ్గు పాతదానిలా లేదు. నోరు విప్పినందుకు పడ్డ సిగ్గు అది. బస్సులో కిటికీ తెరిచి వాన జల్లు ముఖాన పడనిచ్చాను. ఇంటికి పోయి మామ్మతో చెప్పాలనుకున్నాను. మైకు సంగతి, ఆగిపోయిన సంగతి, ఈ రోజు ఆగని సంగతి, అన్నీ. చెబితే ఆమెకే చెప్పాలి.

పేటలో కరెంటు లేదు. సందంతా బురద. ఎదురింటి గుమ్మంలో మామ్మ ఒక్కతే ఆ నల్లటి తెర ముందు కూర్చుని ఉంది. ఎప్పటి నుంచి అలా కూర్చుందో. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాను. చెప్పాల్సిన మాటలన్నీ వరసగా నోటిదాకా వచ్చాయి. ఆమె ఏదో అనబోతోంది. అలవాటు కొద్దీ ఆగాను. ఆ సాయంత్రమే ఆమెకు జ్వరం తగిలింది. తరవాత మంచం మీద పలవరింతలే గానీ నన్ను పోల్చుకుని మాట్లాడింది లేదు. నాతో ఆమె అన్న మాటల్లో ఆఖరివి అప్పుడు ఆ గుమ్మంలో అన్నవే. తెర వైపు నుంచి కళ్లు తిప్పకుండా అంది.

"ఈపాలి అగుపడనేదేటే. ఎనకాల కూకున్నావా?"